పచ్చళ్ల అట్టలో నవల

ఆ శ్రావణ శుక్రవారం ఉమాపతి పెద్దగా పనేమీ పెట్టుకోలేదు. పొద్దున్నే పెసరట్టు తిని, మేడ మెట్లు దిగి కింద ఉన్న తన ప్రెస్సులోకి వెళ్లి, రాత్రి బైండింగయిన పుస్తకాలను ఒకసారి చేత్తో తడిమి చూసుకోవడం. సాయంత్రం పట్టుపంచె కట్టుకుని గ్రంథాలయం హాల్లో బావమరిది నవల ఆవిష్కరణకి ముందు వరసలో కూర్చోవడం. మధ్యలో వీలైతే ఓ కునుకు.

విజయనగరంలో పెళ్లి శుభలేఖలకి ఉమాపతి ప్రెస్సు పెట్టింది పేరు. తాతది చిల్లర కొట్టు, తండ్రిది కాగితాల కొట్టు, తనది ప్రెస్సు. ఈమధ్య ఆయనకి ఒక కొత్త గాలి సోకింది. పెద్ద ప్రచురణకర్తలు తలుపు తీయని రచయితలు, సొంతంగా పుస్తకం వేసుకుని సంచీలో పెట్టుకు తిరిగేవాళ్లు, ఈ రెండు జిల్లాల్లో ఎందరున్నారో అచ్చువేసేవాడికి తెలిసినట్టు ఇంకొకరికి తెలియదు. పలాస జీడితోటల మీద ఒకరు రాస్తే, భావనపాడు తీరంలో వలలు అల్లే పద్ధతుల మీద ఇంకొకరు రాశారు. మోకాళ్ల నొప్పుల మీద శతకం చెప్పినాయన కూడా ఉన్నాడు. వీళ్లందరినీ లోకానికి కనిపెట్టి ఇస్తున్నది తానేనని ఉమాపతి నమ్మకం. ప్రెస్సు ముందుగదిలో అద్దాల బీరువా పెట్టించి దాని మీద ‘మనవాళ్ల పుస్తకాలు’ అని రాయించాడు. ఆ బీరువాలోంచి ఇంతవరకూ ఎవరూ ఒక్క పుస్తకం తీసి చూసింది లేదు. అయినా అద్దాల మీది దుమ్ము మాత్రం రోజూ దులిపిస్తాడు.

ఆ వారం ప్రెస్సులో రెండు పుస్తకాలు తయారయ్యాయి. ఒకటి ‘ఆఖరి పెట్టెలో ఆరుగురు’ అనే నవల. రాసింది శ్రీనాథ్, ఉమాపతి భార్య పద్మకుమారికి ఒక్కగానొక్క తమ్ముడు, కొత్తవలస స్టేషన్లో టిక్కెట్లిచ్చే గుమస్తా. కిరండోల్ వైపు పోయే పాసింజరు ఆఖరి పెట్టెలో ఎక్కేవాళ్లను కిటికీలోంచి చూసి చూసి రాశాడు. అందులో హైమ అని ఒక వ్యాపారి భార్య. ఇంటెడు చాకిరీ చేసి విసిగి, ఒకనాడు టిఫిను డబ్బా చేత్తో పట్టుకుని, ఎక్కడ దిగాలో తెలియకుండానే ఆ రైలెక్కేస్తుంది.

రెండోది ‘మా ఇంటి జాడీలు’ అనే పచ్చళ్ల పుస్తకం. రాసింది గుడి వీధిలో ఉండే రాజరాజేశ్వరి, పప్పుల హోల్‌సేల్ వ్యాపారి లక్ష్మీనరసింహం భార్య. ఆవిడ చేతి ఆవకాయ తిన్నవాళ్లెవరూ ఆ ఊరు వదిలి బదిలీ మీద వెళ్లడానికి ఇష్టపడరని పేరు. ఈ పుస్తకాన్ని ఆ శుక్రవారం తన ఇంట్లో వరలక్ష్మీ వ్రతానికి వచ్చే ముత్తైదువులకి తాంబూలంతో కలిపి ఇవ్వాలని ఆవిడ కోరిక. రెండు పుస్తకాలూ ఒకే సైజు, ఒకే లావు.

శ్రీనాథ్ మెతక మనిషి. రాత ప్రతి చేతిలో పెట్టిన రోజున ఒకే ఒక్క మాట అన్నాడు.

“బావా, సుట్టం కానోడు ఒక్కడు దీన్ని మొత్తం సదివి, బాగుందో బాలేదో నాకు సెప్పాల. అది జరగలేదనుకో, ఇదే ఆఖరు. మళ్లీ కలం ముట్టను.”

“ఒక్కడేటిరా! ఊరంతా సదువుతాది. నేనున్నాను కదా,” అన్నాడు ఉమాపతి.

ఉమాపతి ‘నేనున్నాను కదా’ అన్నాడంటే ఆ పనికి ఏదో ఒకటి అవుతుంది. ఏమవుతుందో మాత్రం ముందుగా చెప్పడం కష్టం.

ప్రెస్సులో నవల కట్టల దగ్గర నిలబడి, పైనున్న పుస్తకం తీశాడు. అట్ట మీద రైలు బొమ్మ ముచ్చటగా ఉంది. వాసన చూశాడు. తెరిచాడు. లోపల మొదటి పేజీలో ‘మా ఇంటి జాడీలు’ అని ఉంది. ఇంకొకటి తెరిచాడు. అందులో గోంగూర. మూడోది మధ్యలో తెరిస్తే ఉసిరికాయ కనిపించింది. ఉమాపతి పుస్తకం మూసేసి, అట్ట మీది రైలును మరోసారి చూసుకుని, బైండరు సూరయ్యని పిలిచాడు.

“ఏటిది సూరయ్యా? నవల అట్టలో పచ్చళ్లున్నాయేటి?”

“మీరే సెప్పారు గదా బాబూ. నిన్న మీరు కొత్తవలసలో శుభలేకలు ఇవ్వడానికెల్లినప్పుడు ఫోన్ సేసి అడిగితే, పసుపెట్టిన కట్టలు పచ్చళ్లవి, ఆటికి పచ్చళ్ల అట్ట ఏసీ అన్నారు. ఏసీసాను.”

అట్ట వేయని కట్టల మీద పైన ఖాళీ కాగితమే ఉంటుంది కాబట్టి సూరయ్య తప్పు లేదు. శుభలేఖల ప్రెస్సులో పసుపే గుర్తు. పేరంటానికి వెళ్లే పుస్తకాలు కదా అని, పచ్చళ్ల కట్టలకి పసుపు బొట్లు పెట్టమని ఊరెళ్లే ముందు ఉమాపతి పెళ్లాంతో చెప్పాడు. దీపాలవేళ పసుపు గిన్నెతో కిందికి దిగి, పై కాగితం ఎత్తి చూసిన పద్మకుమారికి ముందు తమ్ముడి పుస్తకమే కనిపించి ఉంటుంది. పరాయివాళ్ల పచ్చళ్లకి పసుపు పెట్టి, పుట్టింటి నవలని బోసిగా వదిలేయడానికి ఏ అక్కకి చేతులొస్తాయి? ముందు దానికి పెట్టింది. తరువాత మేడ మీద పాలు పొంగుంటాయి, మిగతావి మరిచిపోయి ఉంటుంది. ఇదంతా ఉమాపతికి ఒక్క క్షణంలో తెలిసిపోయింది. కానీ వ్రతం రోజు పొద్దున్నే ఆ మాట పెళ్లాంతో అనే ధైర్యం మాత్రం రాలేదు.

“మరా రెండో కట్టలేవి?” అని అడిగాడు.

“తెల్లారగట్ల మంచి గడియుందని రాజరాజేశ్వరమ్మగారింట్లో దించీసొచ్చాను బాబూ. అమ్మవారి ముందెట్టీసారు కూడా.”

ఉమాపతి స్కూటర్ తీశాడు. భయం ఆయన స్వభావంలో లేదు. దారిలోనే పథకం సిద్ధమైపోయింది. పుస్తకాలు వెనక్కి తీసుకుని, అట్టలు మార్చి, మధ్యాహ్నానికి పంపించేస్తే సరిపోతుంది.

గుడి వీధి చేరేసరికి పేరంటం నిండుగా ఉంది. కాళ్లకి పసుపు రాయించుకున్న ఆడవాళ్లు సంచులతో గేటు దాటి వస్తున్నారు. ఒక్కో సంచీలో నానబెట్టిన శనగలు, జాకెట్టు గుడ్డ, వాటి మధ్య జాడీ బొమ్మ అట్టతో శ్రీనాథ్ నవల. పేరంటంలోకి మగవాడు అడుగుపెట్టకూడదు కాబట్టి ఉమాపతి గేటు దగ్గరే నిలబడి, లోపలినుంచి రాజరాజేశ్వరిని పిలిపించాడు.

“పిన్నిగారూ, ఆ పుస్తకాలు ఒక్కపూట ఎనక్కిప్పిస్తే సాయంత్రానికి మళ్లీ పంపించేస్తాను.”

రాజరాజేశ్వరి నోరు తెరిచేలోపు ఆవిడ మేనత్త లక్ష్మణమ్మ ముందుకొచ్చింది. ఆవిడ గొంతు విప్పితే ఆ వీధిలో రెండో గొంతు వినపడదు.

“ఏటీ? అమ్మోరి ముందెట్టి, బొట్టెట్టి ఇచ్చిన తాంబూలం ఎనక్కా? మతుండే మాటాడతన్నావా? ముత్తైదువల సేతిలోంది లాక్కుంటావేటి, శుక్కురారం పూటా?”

వీధి మొత్తం ఆగి చూసింది. ఇచ్చిన తాంబూలం వెనక్కి అడగడమంటే ఎంత మాటో, సగం బతుకు శుభలేఖల్లో గడిపిన ఉమాపతికి వేరే చెప్పక్కర్లేదు. నిజం చెబితే తన ప్రెస్సు పేరు పోతుంది. చెప్పకపోతే రాజరాజేశ్వరి పరువు పోతుంది. ఇలాంటి చోట మామూలు మనిషైతే తడబడతాడు. ఉమాపతి మాత్రం గొంతు సవరించుకున్నాడు.

“అయ్యో, లాక్కోడం కాదు మామ్మా. సిరా ఇంకా ఆరలేదు. అదే సెబుదామని వచ్చాను. ఆదివారం దాకా ఎవరూ ఈ పుస్తకం తెరవకండి. తెరిస్తే అచ్చరాలు సెదిరిపోతాయి.”

ఆడవాళ్లంతా బుద్ధిగా తలలూపారు. ఉమాపతి గుండె నిండా ఊపిరి పీల్చుకున్నాడు. ఆదివారంలోగా రెండు రోజుల గడువు. ఈలోగా నవల మళ్లీ కొంచెం, పచ్చళ్లు కొంచెం అచ్చు వేయించి, ఇంటింటికీ వెళ్లి ‘ఇదిగో ఆరిన కాపీ’ అని మార్చేస్తే చాలు. తన తెలివికి తనే మురిసిపోతూ ఇంటికొచ్చాడు. ఫలానా రోజు దాకా తెరవొద్దని చెప్పిన వస్తువుని ఆడవాళ్లు గాని మగవాళ్లు గాని ఈ భూమ్మీద ఎప్పుడైనా తెరవకుండా ఉన్నారా అన్న ఆలోచన ఆయనకి రాలేదు.

ఇక సాయంత్రం సభ మిగిలింది. ఆపుదామంటే ఆహ్వానాలు వెళ్లిపోయాయి, శ్రీనాథ్ సెలవు పెట్టి వచ్చేశాడు, పద్మకుమారి సభకి కట్టుకోవాలని చీర తీసి పెట్టుకుని వారమైంది. అయినా ఉమాపతికి సభ గురించి ఏ బెంగా లేదు. ముఖ్యవక్త నరసింగరావు మాస్టారు. రిటైరైన లెక్చరరు. ఆ చుట్టుపక్కల ఏ పుస్తకం వెలువడినా ఆయనే మాట్లాడాలి, నెల్లిమర్ల నుంచి టెక్కలి దాకా. ఆయన పద్ధతి అందరికీ తెలిసిందే. అట్ట వెనక రాసిన నాలుగు ముక్కలు చూసుకుని, లోపల తెరవకుండా గంటసేపు అనర్గళంగా చెబుతారు. ఇంతకాలం ఏ రచయితా అభ్యంతరం చెప్పలేదు. శాలువా కప్పించుకుంటున్నవాడు అభ్యంతరం చెప్పలేడు కదా.

నవల అట్టతో ఉన్న పుస్తకాలకి ఉమాపతి స్వయంగా రిబ్బన్లు బిగించి ముడులు వేశాడు. పళ్లతో గాని ఊడనంత గట్టి ముడులవి.

హాలు బాగానే నిండింది. వచ్చినవాళ్లలో సగంమంది రచయితలే. ఒక్కొక్కరి సంచీలో వాళ్ల వాళ్ల పుస్తకాలున్నాయి, సభ అయ్యాక ఎదుటివాడికి ఇవ్వడానికి. రిబ్బను కత్తిరించారు, పుస్తకం ఎత్తి చూపించారు, ఫొటో అయింది. నరసింగరావు మాస్టారు మైకు ముందుకొచ్చి ‘రైలు అనేది మానవ జీవితానికి ప్రతీక’ అని మొదలుపెట్టి, హైమ సంగతి ఎత్తకుండానే హాయిగా సాగిపోతున్నారు. ముందు వరసలో శ్రీనాథ్ ఆశగా వింటున్నాడు. అంతా సవ్యంగా ముగిసేదే. కానీ పద్మకుమారి మనసాగలేదు.

“మాస్టారూ, మావోడు రాసింది నాలుగు ముక్కలు సదివి వినిపించండి,” అంది, కూర్చున్నచోటినుంచే.

నరసింగరావు మాస్టారికి జీవితంలో మొదటిసారి ఒక పుస్తకం తెరవక తప్పలేదు. కళ్లజోడు సర్దుకుని, గంభీరమైన గొంతుతో చదివారు.

“ముందుగా కాయలను పొడిగుడ్డతో తుడవవలెను. తడి ఉన్నచో బూజు పట్టును. ఓపిక లేనివారు ఈ పని మొదలుపెట్టరాదు.”

మాస్టారు కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నారు. మొదలుపెట్టిన ఉపన్యాసాన్ని మధ్యలో ఆపడం ఆయన చరిత్రలో లేదు.

“ఆహా! ఓపిక లేనివారు ఈ పని మొదలుపెట్టరాదు. ఏ పని? సంసారమండీ, సంసారం! కాయ అంటే ఎవరు? అపక్వమైన మానవుడు. ఎంత క్లుప్తంగా చెప్పాడు, చూడండి!” అని పేజీ తిప్పారు. “మూడవనాడు మూత తీసి, అడుగునున్నది పైకి వచ్చునట్లు తిరగ కలపవలెను. ఇదీ, ఇదీ విప్లవం! అడుగునున్నది పైకి రావాలంటున్నాడు రచయిత!”

చప్పట్లు మోగిపోయాయి. వెనక వరసలోని యువకవి ఒకడు లేచి నిలబడి మరీ కొట్టాడు. ఉప్పు పాళ్ల దగ్గరికి వచ్చేసరికి మాస్టారి గొంతు గద్గదమైంది. శ్రీనాథ్ కదలకుండా కూర్చుని బావ వైపు చూశాడు. ఉమాపతి పైకప్పుకున్న ఫ్యాను వైపు చూశాడు. ఏటా పెద్ద జాడీ నిండా ఆవకాయ పెట్టే పద్మకుమారికి రెండో వాక్యానికే సంగతి అర్థమైపోయింది. ఆవిడ చూపు ఫ్యాను వైపు పోలేదు, తిన్నగా మొగుడి మీదే నిలిచింది.

రచయిత స్పందన అన్నారు. శ్రీనాథ్ లేచి “నమస్కారం” అని కూర్చున్నాడు. ఆ వినయానికి మళ్లీ చప్పట్లు కొట్టారు.

బయటికొచ్చాక ఉమాపతి భుజం మీద చెయ్యి వేయబోయాడు. “అట్టలు తారుమారయ్యాయిరా. రెండ్రోజుల్లో సరిసేసేస్తాను, నేనున్నాను కదా.”

“అట్టల గురించి కాదు బావా,” అన్నాడు శ్రీనాథ్. కోపంగా అని ఉంటే బాగుండేది, నెమ్మదిగా అన్నాడు. “లోపలేటుందో హాల్లో ఒక్కరికీ పట్టలేదు సూడు. నేను నాలుగేళ్లు రాసినా, ఆవిడ ఉప్పూ కారం రాసినా ఒకటే సప్పట్లు. మరి నేను రాయడం దేనికి?”

ఉమాపతి చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

శనివారం పొద్దున్న పద్మకుమారి ప్రెస్సులోకి దిగింది.

“ఊళ్లో పెళ్లిళ్లన్నిటికీ ముహూర్తం తప్పకుండా అచ్చేస్తారు. నా తమ్ముడి పుస్తకం దగ్గరే మీ సేతులు పడిపోయాయేటి? బుర్రెక్కడెట్టుకున్నారు? నవలకి పచ్చళ్ల అట్ట ఎలా ఏస్తారండీ?”

ఉమాపతి కటింగ్ మిషను మీది కాగితపు ముక్కలు ఊడవసాగాడు. జిగురు రాస్తున్న సూరయ్యకి మాత్రం యజమానిని ఆదుకోవాలనిపించింది.

“బాబుగారి తప్పేటీ లేదమ్మా. పసుపెట్టిన కట్టలకి పచ్చళ్ల అట్ట ఏసీమన్నారు. మరా పసుపు ఎవులెట్టారో తెల్దు గానీ, నవల కట్టల మీదున్నాది.”

పద్మకుమారి కోపం సగంలో ఆగిపోయింది. నవల కట్టల మీద తను ఎంత ముద్దుగా నాలుగు మూలలా బొట్లు పెట్టిందో గుర్తొచ్చింది. మేడెక్కి వెళ్లి, మొగుడికి ఫిల్టరు కాఫీ తెచ్చి ఇచ్చింది. ఆ ఇంట్లో క్షమాపణకి అదే రివాజు.

ఈలోగా గుడి వీధిలో ఇంకో కథ నడుస్తోంది. పేరంటం నుంచి ఇళ్లకెళ్లిన ఆడవాళ్లు అక్షరాలు చెదిరాయో లేదో చూద్దామని శుక్రవారం మధ్యాహ్నమే పుస్తకాలు తెరిచారు. అక్షరాలు చెదరలేదు. కానీ పచ్చళ్లకి బదులు రైలు కనబడింది. రైల్లో హైమ, హైమ చేతిలో టిఫిను డబ్బా, వెనక వదిలేసి వచ్చిన మొగుడు. ఆ మొగుడు తిన్న కంచం కూడా తీయడు. రోజంతా కొట్లో కూర్చుని, ఇంటికొచ్చి ఇది లేదేం, అది లేదేం అంటాడు. అట్ట మీద మాత్రం రాజరాజేశ్వరి పేరుంది. లోపల శ్రీనాథ్ అని ఎవరిదో మగ పేరు. ఇరుగుపొరుగు అందరూ కలిసి తేల్చింది ఒకటే. పాపం, రాజరాజేశ్వరి తన కష్టమంతా మగ పేరు పెట్టి రాసుకుని, మొగుడికి తెలియకుండా పచ్చళ్ల అట్టలో దాచి, మన చేతుల్లో పెట్టింది. అందుకే ఆదివారం దాకా తెరవొద్దన్నారు. ఆదివారానికి ఆవిడ రైలెక్కేస్తుంది కాబోలు!

శనివారం సాయంత్రానికల్లా రాజరాజేశ్వరి ఇంటికి ఓదార్పులు మొదలయ్యాయి. ఒకావిడ చెయ్యి పట్టుకుని కళ్లనీళ్లు పెట్టుకుంది. ఇంకొకావిడ “ఎక్కడికీ ఎల్లిపోకమ్మా, మేం లేమా” అంది. బజారులో రాజరాజేశ్వరి భర్త లక్ష్మీనరసింహాన్ని, ముప్పై ఏళ్లుగా పప్పులు కొంటున్నవాళ్లే ఎగాదిగా చూడసాగారు. ఒక పెద్దాయన పక్కకి పిలిచి, ఆడకూతురి ఉసురు మంచిది కాదని హితవు చెప్పాడు. ఆయనకి ముక్క అర్థం కాలేదు.

ఆదివారం పొద్దున్న శ్రీనాథ్ ఒక గోనెసంచీ మోసుకుని ప్రెస్సుకొచ్చాడు. అందులో రెండో నవల రాతప్రతి.

“సూరయ్యా, అట్టల లోపల అంటించడానికి పాత కాయితాలు కావాలంటావు కదా. వాడుకో.”

ఉమాపతి కుర్చీలోంచి లేచాడు. “ఒరే శ్రీనాథూ, తొందరపడకురా! ఇంకొక్క రోజు ఆగు!”

“ఒక్క మనిషి బావా, ఒక్క మనిషిని అడిగాను. అది కూడా ఎక్కువే అడిగాననిపిస్తన్నాది.”

పద్మకుమారి మేడ మెట్ల మీద నిలబడిపోయింది. తమ్ముడి ముఖం చూడలేక కొంగు కళ్లకద్దుకుంది. సరిగ్గా అప్పుడే వాకిట్లో ఆటో ఆగింది. దాంట్లోంచి రాజరాజేశ్వరి, ఆవిడ వెనకే లక్ష్మణమ్మ దిగారు. ఇద్దరి చేతుల్లోనూ జాడీ బొమ్మ పుస్తకాలున్నాయి. ఉమాపతి జీవితంలో మొట్టమొదటిసారి కటింగ్ మిషను వెనక్కి నక్కాడు.

“ఉమాపతీ! ఏడీ ఉమాపతి?” అంది రాజరాజేశ్వరి. “మిషను ఎనకాతల కడుపు కనబడతన్నాది, బయటికి రావయ్యా. ఏటిది? ఎవరి కథో నా పేరు మీద ఏసి ఊరంతా పంచిపెట్టించావేటి? నేను ఇల్లొదిలి రైలెక్కిపోతన్నానని వీధి వీధంతా నా కాళ్లు పట్టుకుంటంది!”

ఉమాపతి బయటికొచ్చి చేతులు జోడించాడు. “తప్పయిపోయింది పిన్నిగారూ. అన్నీ ఎనక్కి తెప్పించి, మీ పచ్చళ్లు మీ అట్టలో పెట్టి...”

“ఎనక్కా?” లక్ష్మణమ్మ అడ్డం పడింది. “సగంలో ఉన్నాను నేను. సచ్చినా ఇవ్వను.”

ప్రెస్సులో జిగురు కుంచె కూడా ఆగిపోయింది.

“నేనేటి రాసానని అనుకుంటన్నారో తెలుసుకుందారని నిన్న తెరిచాను,” అంది రాజరాజేశ్వరి, గొంతు కొంచెం తగ్గించి. “పొయ్యి మీద పులుసు మాడిపోయింది. మొత్తం సదివీసాను. ఎవరయ్యా ఈ శ్రీనాథు? ఆడదాని కడుపులో మాట ఇతగాడికి ఎలా తెలిసింది?”

శ్రీనాథ్ గోనెసంచీ పక్కన నిలబడి ఉన్నాడు. ఉమాపతి వేలు చూపించాడు.

“నువ్వా బాబూ?” లక్ష్మణమ్మ దగ్గరికెళ్లి, కళ్లు చికిలించి చూసింది. “మొదలెంత బాగుందనుకున్నావ్! మా వదిన కళ్లకి కట్టింది. కానీ ఒకటి సెబుతాను ఇను. ఆ పిల్ల శిమిలిగుడ టేసన్లో దిగిపోడం తప్పు. అరకు దాకా ఎల్లాల్సింది.”

“తప్పేటత్తా?” రాజరాజేశ్వరి తిరగబడింది. “చలి గాలికి ముసలాయన దుప్పటిచ్చింది ఆ టేసన్లోనే కదా. అక్కడ దిగపోతే మరెక్కడ దిగుతాది?”

“దుప్పటి కోసం దిగిపోతారేటే ఎవులైనా?”

“దుప్పటి కోసం కాదు మామ్మగారూ,” అన్నాడు శ్రీనాథ్. “ముందు నేనూ అరకు అనే రాశాను. కానీ ఆ రాత్రి హైమని ఎవరూ ఎక్కడికని అడగలేదు, ఆ ముసలాయన తప్ప. అందుకని...”

అక్కడినుంచి వాదన ఏ స్టేషన్లోనూ ఆగలేదు. లక్ష్మణమ్మ పుస్తకం మధ్యలో వేలు పెట్టి తప్పులు పట్టింది. శ్రీనాథ్ చెవులు ఎర్రబడేలా సమాధానాలు చెప్పాడు. ఒక దగ్గర ఒప్పుకున్నాడు, రెండు చోట్ల ఒప్పుకోలేదు. చుట్టం కాని మనిషి తన పుస్తకాన్ని బాలేదని అంటుంటే వాడి ముఖంలో వెలుగుతున్న సంతోషం చూసి పద్మకుమారి ఈసారి ఏడుపు ఆపుకోలేకపోయింది. ఉమాపతికి కూడా ముక్కు మండింది. దాన్ని జిగురు వాసన మీదకి నెట్టేశాడు.

చివరికి కాఫీలొచ్చాయి. ఉమాపతి నెమ్మదిగా అసలు భయం బయటపెట్టాడు. “మరి మీ పచ్చళ్లు, పిన్నిగారూ? అవన్నీ నవల అట్టలో ఉండిపోయాయి. సభలో నరసింగరావు మాస్టారు...”

“విన్నాను. నా ఉప్పు మీద మైకులో అంతసేపు మాటాడారట! నా జాడీలో విప్లవం ఉందన్నారట! ముప్పై ఏళ్లబట్టి మా ఆయన ‘బాగుంది’ అని ఒక్క మాట అన్లేదు.” రాజరాజేశ్వరి చీర కొంగు సర్దుకుంది. “ఆ అట్టలో ఉన్నవి అలాగే అమ్ము. మగవాళ్లు పచ్చళ్ల పుస్తకం తెరుస్తారేటి? నవలనుకుని తెరుస్తారు. కొట్లో లెక్కలకొచ్చే పెద్దమనిషొకాయన సభలో పుస్తకం తీసుకుని, నిన్ననే భార్య చేత గోంగూర పెట్టించాడట.”

“మరి నవల రాసింది మీరు కాదని ఊళ్లో అందరికీ సెప్పేస్తాను,” అన్నాడు ఉమాపతి.

“సెప్పు. అబ్బాయి పేరు అబ్బాయికే రావాలి.” ఆవిడ లేచి, గుమ్మం దాకా వెళ్లి, మళ్లీ వెనక్కి తిరిగింది. “మా ఆయనకి మాత్రం ఇంకో నెల్లాళ్లు ఎవరూ సెప్పకండి. నిన్నట్నుంచి తిన్న కంచం తనే తీస్తన్నారు.”

ఆటో వెళ్లిపోయాక శ్రీనాథ్ గోనెసంచీ దగ్గరికి పరుగెత్తాడు. సూరయ్య తల గోక్కున్నాడు.

“మొదటి కాయితాలు కాసిని అట్టల్లోకి పోనాయి బాబూ. నోటుబుక్కులకి అంటించీసాను.”

“పరవాలేదు,” అన్నాడు శ్రీనాథ్, మిగతా కట్టని గుండెలకి హత్తుకుని. “మొదలు నాకూ అంత నచ్చలేదు.”

ఆ వారం ‘మనవాళ్ల పుస్తకాలు’ బీరువా తలుపు తీయడానికి తాళంచెవి వెతుక్కోవలసి వచ్చింది. గుడి వీధి ఆడవాళ్లు జీడితోటల పుస్తకం తీసుకెళ్లారు. మోకాళ్ల నొప్పుల శతకాన్ని లక్ష్మణమ్మ తీసుకెళ్లి, మూడు పద్యాలు తప్పని కబురు పంపింది. రాసినాయన ఆనందంతో ఆవిడ ఇంటికి ఆటో కట్టించుకుని వెళ్లాడు. నరసింగరావు మాస్టారు మాత్రం ఒక పత్రికలో ‘ఆఖరి పెట్టెలో ఆరుగురు’ గురించి వ్యాసం రాశారు. అందులో ఆవపిండి మీద ఒక పేరా ఉంది.

దసరా నాటికి శ్రీనాథ్ రెండో నవల ప్రెస్సుకొచ్చింది.

“అట్ట మీద ఏటి బొమ్మ వేయమంటావురా?” అని అడిగాడు ఉమాపతి.

“‘మా ఇంటి వడియాలు’ అని ఏసీ బావా,” అన్నాడు శ్రీనాథ్, నవ్వకుండా.

ఉమాపతి ఆ మాటని తోసిపుచ్చి, పుస్తకానికి సొంత పేరే అచ్చు వేసి, తప్పు జరగకుండా పసుపు బొట్టు తన చేత్తో తానే పెట్టి, ప్రతి కాపీలోనూ ఒక చిన్న చీటీ మాత్రం దోపించాడు: ‘సిరా ఆరలేదు. ఆదివారం దాకా తెరవకండి.’